కొలిచినోనికే కుదురుతది

మిరుగం దగ్గర పడిందంటే కోరుట్ల, జగిత్యాల రోడ్ల పక్కన వెల్డింగ్ షెడ్లకు తీరిక ఉండదు. ఒకరు రోటవేటర్ తెస్తారు, ఒకరు కేజీవీల్స్ తెస్తారు, ఇంకొకరు సిరిసిల్ల వైపు బావమరిదిని అడిగి కల్టివేటర్ ఈడ్చుకొస్తారు. అందరిదీ ఒకటే తొందర: "కాకా, జెర తగిలించియ్యే, పొద్దుగూకేలోపు పొలంల ఉండాలె." కుదిరే పనిముట్టు తగిలించడం ఎంతసేపు? కుదరనిదాన్ని సుత్తెతో కొట్టి కుదిరిస్తే మాత్రం దాని మరమ్మతు సీజను పొడుగునా సాగుతుంది.

మన దగ్గర పనిముట్టు ఒకే ట్రాక్టర్ వెనక ఉండిపోదు. కాకతీయ కాలువ కింద వరి, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు, మక్క, జగిత్యాల చుట్టూ మామిడి తోటలు. మధ్య మానేరులో నీళ్ళు నిలిచాక సిరిసిల్ల వైపు బావుల్లో ఊట పెరిగి వరి మళ్ళూ పెరిగాయి. ఒకే రైతు ఒకే ఏడాదిలో మడి కలపాలి, మక్కకు దున్నాలి, తోటలో గడ్డి కొట్టించాలి. కిరాయికి తిరిగే బండైతే ఇవన్నీ ఒక్క వారంలోనే చేయాల్సి వస్తుంది. అన్నదమ్ములు, పాలోళ్ళు పనిముట్లు మార్చుకుంటూనే ఉంటారు. అందుకే ఏది దేనికి పడుతుందో ముందే తెలిసి ఉండాలి. నా దగ్గర పాన పట్టడం నేర్చుకున్న పిల్లలకు చెప్పిన మాటలే ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

1. బానెట్ మీది పేరు చూసి సరిపెట్టుకోకు

"ఏం బండి తమ్మీ?" అంటే "మహీంద్రా 575" అంటాడు. 575 అనే అంకె ఏళ్ళ తరబడి నడుస్తోంది. భూమిపుత్ర, ఎస్పీ ప్లస్, ఎక్స్‌పీ ప్లస్ అంటూ దానిలోనే ఎన్నో రకాలు. స్వరాజ్ 744 సంగతీ అంతే. పైగా సెకండ్‌హ్యాండ్ బండైతే మొదటి యజమాని టైరు సైజు మార్చి ఉంటాడు, కింది చేతులు ఇంకో బండివి వేయించి ఉంటాడు. ముందు కంపెనీ ప్లేటు మీది మోడల్, సీరియల్ నంబరు, తయారైన ఏడాది రాసుకో, ఆర్‌సీతో సరిపోల్చుకో. పార్టులు అడగడానికి అది చాలు. పనిముట్టు తగిలించడానికి మాత్రం టేపు తీయాల్సిందే. ప్లేటు బండి పుట్టుకను చెబుతుంది, టేపు ఇప్పటి సంగతి చెబుతుంది.

2. ఏడు నూళ్ళ పిన్నా, ఇంచు మీద నూలా?

ట్రాక్టర్ వెనక కింద రెండు చేతులు, పైన టాప్ లింకు. ఈ మూడు చోట్ల పట్టును పొలాలకు తెచ్చినవాడు ఐర్లాండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. 1939లో ఫోర్డ్ కంపెనీ 9ఎన్ ట్రాక్టర్‌తో అది జనంలోకి వచ్చింది. ఆ కొలతలు ఇంచుల్లో పుట్టాయి కాబట్టి వడ్రంగి మేస్త్రీల నూళ్ళ లెక్కకు ఇప్పటికీ సరిగ్గా వస్తాయి. ఇంచుకు ఎనిమిది నూళ్ళు.

మొదటి కేటగిరీలో కింది పిన్ను ఏడు నూళ్ళు, అంటే 22 మిల్లీమీటర్లు. టాప్ లింకు పిన్ను ఆరు నూళ్ళు, 19 మిల్లీమీటర్లు. రెండో కేటగిరీలో కింది పిన్ను ఇంచు మీద నూలు, అంటే 28 మిల్లీమీటర్ల పైచిలుకు. టాప్ లింకు పిన్ను నిండు ఇంచు. కింది రెండు పిన్నుల మధ్య ఎడం మొదటిదానికి 683 మిల్లీమీటర్లు, రెండోదానికి 825. ప్రపంచమంతా ఐఎస్‌ఓ 730 అని, మన దేశంలో ఐఎస్ 4468 అని ఈ కొలతలకు ప్రమాణాలున్నాయి. మన దిక్కు తిరిగే 40, 50 హెచ్‌పీ బండ్లలో ఎక్కువ రెండో కేటగిరీవే. తోటల్లో తిరిగే చిన్న బండ్లు మొదటి కేటగిరీవి. వాటిలో ఇరుకు రకం కూడా ఉంటుంది, పిన్ను సైజు అదే, ఎడం తక్కువ. అందుకే పిన్ను ఒక్కటే చూసి "పడుతది" అనకు, ఎడం కూడా కొలువు.

పిన్నుకు టేపు పనికిరాదు, వెర్నియర్ పెట్టు. రెండు దిక్కులా తిప్పి చూడు. ఒక దిక్కు 28, ఇంకో దిక్కు 26 వచ్చిందంటే అది రెండో కేటగిరీ పిన్నే, ఒకవైపు అరిగింది. దాన్ని చూసి సన్న పిన్ననుకుంటే కొత్తది తప్పు సైజులో తెస్తావు.

సన్న పిన్నును చేతి కొసన ఉండే పెద్ద గుండులో వదులుగా వేసి పంపొద్దు. ఎత్తిన ప్రతిసారీ దెబ్బ పడి రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది, చివరికి చెవి పగులుతుంది. లోపల ఏడు నూళ్ళు, బయట ఇంచు మీద నూలు ఉన్న బుష్ వేయాలి. అంగట్లో దొరక్కపోతే లేతు మిషన్ మీద తిప్పించుకో. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) సామాను తిప్పే మేస్త్రీలకు ఈ పని ఒక లెక్కే కాదు. పెద్ద పిన్నును చిన్న గుండులోకి ఎక్కించాలని గుండును గ్యాస్ కటింగ్‌తో కోయడం మాత్రం చేయకు. వేడికి ఆ ఉక్కు సత్తువ పోతుంది.

3. "ఆరు ఫీట్లు" అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి?

రోటవేటర్‌కు రెండు వెడల్పులు ఉంటాయి. ఒకటి బయటి వెడల్పు: ఈ వైపు ప్లేటు నుంచి ఆ వైపు గేర్ డబ్బా దాకా. ఇంకొకటి పని వెడల్పు: ఈ చివరి కత్తి కొస నుంచి ఆ చివరి కత్తి కొస దాకా. షెడ్డు దర్వాజాలో దూరుతుందా, ట్రాలీలో పడుతుందా అంటే మొదటిది చూడు. ఎకరం ఎంతసేపట్లో అవుతుందో చెప్పేది మాత్రం రెండోదే. అంగట్లో చెప్పే "ఫీట్లు" ఒక్కో కంపెనీలో ఒక్కో దగ్గర ఆగుతాయి. ప్లేటు మీద మిల్లీమీటర్లలో రాసి ఉంటే అది చూడు, లేకపోతే వంగి కత్తుల దగ్గర టేపు పట్టు.

దుబాయిలో తోటల పని చేసి వచ్చిన మన పిల్లలను అడుగు. అక్కడ కూర్చొని నడిపే గడ్డి మిషన్ కింద డెక్కు ఉంటుంది. దాన్ని 42 ఇంచులని అంటే అది కత్తులు కోసే మేర, రేకు బయటి కొలత అంతకన్నా ఎక్కువే. ఆ డెక్కుకు గడ్డి సంచి తగిలించాలన్నా వెడల్పు ఒక్కటి చెబితే చాలదు. డెక్కు మోడల్ నంబరు కావాలి, గడ్డి బయటకు పడే నోరు ఎంతో కొలవాలి. యంత్రం చిన్నదైనా పెద్దదైనా ఈ పద్ధతి మారదు.

4. పనిముట్టు చక్రం జాడను కప్పాలి

ఇది ఎక్కువమంది వదిలేసే కొలత. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా ఎంత? ఒక బండి లెక్క చూద్దాం. టైరు మధ్య నుంచి టైరు మధ్యకు 1350 మిల్లీమీటర్లు. టైరు 13.6 ఇంచులది, అంటే సుమారు 345 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 1695, అంటే ఐదు ఫీట్ల ఏడు ఇంచులకు దగ్గర. ఈ బండి వెనక సరిగ్గా ఐదు ఫీట్లు కోసే రోటవేటర్ నడిమధ్యన పెడితే రెండు వైపులా మూడున్నర ఇంచుల చొప్పున చక్రం తొక్కిన నేల అట్లాగే గట్టిగా మిగిలిపోతుంది. పసుపు బోదెలు తోలినప్పుడు ఆ గట్టి పట్టీలే తేలుతాయి.

ఆరు ఫీట్లది పెడితే జాడ కప్పుతుంది, కానీ బండికి సత్తువ ఉండాలి. లేదంటే ఐదు ఫీట్లదాన్నే ఒక పక్కకు జరుపు. చాలా రోటవేటర్లలో పట్టు ప్లేట్లు జరుపుకోవడానికి వీలుంటుంది. ఒక చక్రం జాడ పూర్తిగా కప్పేట్టు పెట్టి, రెండో జాడను పక్క సాలులో కప్పుకుంటూ పోవాలి.

కొలిచేటప్పుడు టైరు నడుము దగ్గర కాదు, నేలను తాకే చోట ఉబ్బిన మేర కొలువు. వెనక రిమ్ములు తిప్పి వేస్తే ఎడం మారుతుంది, కాబట్టి నిరుడు కొలిచిన లెక్క ఈ ఏడు చెల్లుతుందనుకోకు. మక్కలో పైపాటు అయితే ఇంకా జాగ్రత్త. సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు పెడితే 13.6 టైరు దూరినప్పుడు మొక్కకు అటూ ఇటూ ఐదేసి ఇంచులే మిగులుతాయి.

5. తోటలో పైకి కూడా కొలవాలి

జగిత్యాల మామిడికి చల్‌గల్ మార్కెట్ ఉంది, కాయకు ధర ఉంది. తోటలో గడ్డి కొట్టడానికి రోటరీ స్లాషర్ కొనేవాళ్ళు చెట్టుకు చెట్టుకు మధ్య ఎడం మాత్రమే చూస్తారు. పాత తోటల్లో 10 మీటర్లు, దగ్గరగా నాటిన తోటల్లో 5 మీటర్లు, ఎంత పెద్ద స్లాషర్ అయినా పడుతుంది. అసలు చిక్కు కొమ్మలతో వస్తుంది. నేల నుంచి వంగిన కొమ్మ దాకా కొలువు, కాయ బరువుకు ఇంకా వంగుతుందని లెక్క వేసుకో. తర్వాత బండి సైలెన్సర్ ఎత్తు, సీటు మీద కూర్చున్న మనిషి తల ఎత్తు కొలువు. చెట్టు మొదలు దాకా కోయాలంటే స్లాషర్ టైరు కంటే ఎంత బయటకు వస్తుందో చూడు. టైరు లోపలే ఆగిపోతే చెట్టు మొదట్లో గడ్డి చేత్తోనే కోయాలి.

6. పీటీవో షాఫ్టు పొడుగే అసలు పరీక్ష

బండి వెనక బయటకు వచ్చి, పనిముట్టును తిప్పే పీటీవో మొనను చూడు. ఇంచు మీద మూడు నూళ్ళ లావు, అంటే 35 మిల్లీమీటర్లు. మీద ఆరు పళ్ళు ఉంటే అది నిమిషానికి 540 చుట్లది. మన దగ్గర మామూలుగా కనిపించేది ఇదే. అదే లావు మీద సన్నగా 21 పళ్ళు ఉంటే 1000 చుట్లది. ఆ రెండు కలవవు, కలపాలని చూడొద్దు.

ఇక పొడుగు. రోటవేటర్‌తో వచ్చిన షాఫ్టు అన్ని బండ్లకూ సరిపోయేట్టు పొడుగ్గా ఇస్తారు, మన బండికి తగ్గట్టు మనం కోసుకోవాలి. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకొని మొదలుపెట్టు. పనిముట్టును మూడు చోట్లా తగిలించు, షాఫ్టు మాత్రం పెట్టకు. తర్వాత సీటెక్కి ఇంజన్ నడిపి, లిఫ్టును పైకీ కిందికీ తెచ్చి, బండి మొనకూ గేర్‌బాక్స్ మొనకూ మధ్య దూరం అన్నిటికన్నా తక్కువ ఎక్కడ వస్తుందో పట్టుకో. మామూలుగా రెండు మొనలూ ఒకే వరుసకు వచ్చినప్పుడు వస్తుంది. కొలిచేటప్పుడు మళ్ళీ ఇంజన్ ఆపి, పనిముట్టు లిఫ్టు మీద వేలాడకుండా కింద దిమ్మెలు పెట్టు.

ఆ స్థితిలో షాఫ్టు రెండు ముక్కలనూ విడదీసి, ఒకదాన్ని బండికీ ఒకదాన్ని గేర్‌బాక్స్‌కూ ఎక్కించి, పక్కపక్కన పట్టి గుర్తు పెట్టు. అన్నిటికన్నా దగ్గరగా ఉన్నప్పుడు కూడా లోపలి గొట్టం అడుగును గుద్దకుండా కనీసం ఇంచు ఖాళీ ఉండాలి. అన్నిటికన్నా దూరంగా ఉన్నప్పుడు గొట్టాలు ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు మునిగి ఉండాలి. కంపెనీ పుస్తకంలో ఇంతకన్నా ఎక్కువ చెబితే అదే పాటించు. కోసేటప్పుడు లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి ప్లాస్టిక్ తొడుగులు అన్నీ ఒకే కొలతలో కోయాలి. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి, లోపల గ్రీజు పెట్టు. మళ్ళీ కలిపేటప్పుడు రెండు కొసల యోకులు ఒకే వరుసలో ఉండాలి. అడ్డం తిరిగితే షాఫ్టు వణుకుతుంది, క్రాసులు తొందరగా పోతాయి.

పొడుగు ఎక్కువైతే లిఫ్టు ఎత్తిన క్షణాన షాఫ్టు బండి లోపలికి గుద్దుతుంది. బేరింగ్ పోతుంది, సీలు నుంచి ఆయిల్ కారుతుంది, ఒక్కోసారి డబ్బాయే పగులుతుంది. తక్కువైతే గుంటలో దిగినప్పుడు రెండు ముక్కలు విడిపోతాయి. తిరుగుతున్న ఇనుప గొట్టం ఊడివస్తే ముందున్న మనిషి మిగలడు.

7. తొడుగు లేని షాఫ్టు షెడ్డు దాటొద్దు

నిమిషానికి 540 అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. తువ్వాల కొస, లుంగీ అంచు, నాట్లకొచ్చిన ఆడవాళ్ళ చీర కొంగు, ఏది తగిలినా మనిషి "అయ్యో" అనే లోపే చుట్టుకుంటుంది. ప్లాస్టిక్ తొడుగు పగిలిందని తీసి పారేసేవాళ్ళు చాలామంది. "పొలంల ఎవరున్నరు కాకా?" అంటారు. పొలంలో నువ్వున్నావు బిడ్డా. తొడుగు మార్చుకోకుండా బండి తీసుకుపోతానంటే నేను కిరాయి పోయినా సరే షాఫ్టు ఇవ్వను. కత్తులకు గడ్డి చుట్టుకుంటే కూడా పీటీవో ఒక్కటి ఆపితే చాలదు. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, పనిముట్టు కింద దిమ్మె పెట్టాకే చెయ్యి పెట్టాలి.

8. బోర్డు మీది హెచ్‌పీ రోటవేటర్ దాకా రాదు

ఇంజన్ పుట్టించిన సత్తువలో కొంత గేర్లలో, హైడ్రాలిక్ పంపులో పోతుంది. 45 హెచ్‌పీ అని రాసిన బండి పీటీవో దగ్గర 38, 40 ఇస్తే మంచిదే. రోటవేటర్ కొనేముందు ఈ రెండో లెక్క అడగాలి. ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రంలో, చాలా పనిముట్లను అనంతపురం దగ్గర గార్లదిన్నె కేంద్రంలో పరీక్షిస్తారు. ఆ రిపోర్టుల్లో పీటీవో సత్తువ, లిఫ్టు ఎత్తే బరువు, కొలతలు అన్నీ ఉంటాయి. డీలర్‌ను రిపోర్టు అడిగితే తప్పేం లేదు. ఎర్ర చెల్కలో ఆరు ఫీట్లది సునాయాసంగా లాగిన బండి, తడి నల్లరేగడిలో అదే గేరులో ముక్కుతుంది. కాబట్టి నీ దగ్గర అన్నిటికన్నా బరువు నేల ఏదో దాన్ని బట్టి సైజు తీసుకో.

9. కేజీవీల్స్‌కు బోల్టుల వలయం కొలువు

మడి కలిపే కాలంలో ఎక్కువ తగాదా కేజీవీల్స్ దగ్గరే. వెనక హబ్బుకు మామూలుగా ఎనిమిది బోల్టులు. కావాల్సిన కొలత ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకు. రంధ్రం మధ్య ఎక్కడో కంటితో తేల్చలేం. అందుకే ఒక రంధ్రం బయటి అంచు నుంచి ఎదుటి రంధ్రం లోపలి అంచు దాకా కొలువు, రెండూ ఒకే సైజైతే అదే మధ్య నుంచి మధ్యకు కొలత. ఐదు బోల్టులున్న చక్రమైతే ఎదుటి రంధ్రం ఉండదు. ఒక రంధ్రం వదిలి దాని పక్కదానికి మధ్య నుంచి మధ్యకు కొలిచి, వచ్చినదాన్ని 1.05తో హెచ్చించు. నడిమి పెద్ద రంధ్రం హబ్బు మీద ఎక్కుతుందో లేదో కూడా చూడు. బోల్టు రంధ్రాలు కొంచెం అటూ ఇటూ ఉంటే గుండ్రటి ఆకురాయితో సాగదీసి బిగించేవాళ్ళున్నారు. అప్పుడు బరువు బోల్టుల మీద సమంగా పడదు, ఒక్కొక్కటే తెగిపోతాయి.

కేజీవీల్స్‌తో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, జరిమానాలూ పడతాయి. పొలం గట్టు దాకా ట్రాలీలో తీసుకుపోయి అక్కడ బిగించుకోవడమే మేలు. అందుకే ముందే కొలిచి, షెడ్డులో ఒకసారి ఎక్కించి చూసి, విప్పి తీసుకుపో.

10. కత్తిని పాతదానితో కాదు, రంధ్రాలతో పోల్చు

కొత్త కత్తులకు అంగడికి పోయేటప్పుడు పాత కత్తిని పట్టుకెళ్తారు, మంచిదే. కానీ అరిగిన కత్తి పొడుగు చూసి కొత్తది తెస్తే పొట్టిది వస్తుంది. అరగనిది రంధ్రాల వైపు ఒక్కటే. రెండు రంధ్రాల మధ్య ఎడం, రంధ్రం సైజు, రేకు మందం: ఈ మూడు రాసుకో. ఎడం కొలవడానికి పైన చెప్పిన అంచు లెక్కే వాడు. ఎల్ ఆకారమా, సీ ఆకారమా చూడు. కుడి కత్తులు, ఎడమ కత్తులు వేరు, లెక్కపెట్టి తీసుకో. సగం కొత్తవి, సగం అరిగినవి కలిపి బిగిస్తే బరువు సమంగా ఉండక రోటవేటర్ అదురుతుంది. మార్చితే వరుస మొత్తం మార్చు.

11. ముందు చక్రాలను ధర్మకాంట మీద పెట్టు

పనిముట్టు వెనక కుదిరింది, షాఫ్టు కుదిరింది, ఇంకేం అనుకుంటారు. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిరగదు. పనిముట్టు పైకెత్తి ఉన్నప్పుడు బండి మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలని లెక్క. దీన్ని చూడ్డం కష్టం కాదు. రైస్ మిల్లు ధర్మకాంట మీద పనిముట్టు ఎత్తి ఉంచి మొత్తం ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూకం వేయించు. తక్కువ వస్తే ముందు బరువు పలకలు వేయించు. కంపెనీ బిగింపులకే వేయాలి, బంపర్ మీద బండరాయి కట్టడం బరువు కాదు, ప్రమాదం.

12. కొలతల కాగితం టూల్‌బాక్స్ మూత లోపల అతికించు

మోడల్, సీరియల్ నంబరు. కింది పిన్ను, టాప్ పిన్ను, ఎడం. టైర్ల బయటి వెడల్పు. పీటీవో పళ్ళు, చుట్లు. షాఫ్టు అన్నిటికన్నా తక్కువ దూరం, అన్నిటికన్నా ఎక్కువ దూరం. బోల్టుల వలయం. కత్తి రంధ్రాల ఎడం. ఒక పక్క ఇంచుల్లో, ఒక పక్క మిల్లీమీటర్లలో రాసి, ప్లాస్టిక్ కవరు వేసి మూత లోపల అతికించు. టైరు మార్చిన రోజు, చేతులు మార్చిన రోజు తిరగరాయి.

ఈ కాగితం ఉన్న రైతు కోరుట్లలో అంగడి ముందు నిలబడితే అమ్మేవాడు మాట మార్చలేడు. ఫోన్‌లోనే సిరిసిల్ల చుట్టాన్ని అడిగి, ఆయన రోటవేటర్ తన బండికి పడుతుందో లేదో తేల్చుకుంటాడు. పడదని తెలిస్తే డీజిల్ పోసుకొని అంత దూరం పోడు. నాకు పని తగ్గుతుంది అంటారేమో. విరిగిన చెవులు అతికించే పని ఎంత తగ్గితే అంత మంచిదే. మీరు కాగితంతో వస్తే తగిలించడానికి ఎంతో సేపు పట్టదు, పొద్దుగూకేలోపు పొలంలో ఉంటారు.